యుగాంత నిరీక్షణ – పౌరధర్మం: యెహోవాసాక్షుల ప్రచురణల్లో రాజ్యభావన

నెల్లూరు తీరాన బోగోలు మండలంలో సముద్రఘోష కేవలం అలంకారం కాదు. జువ్వలదిన్నె వంటి మత్స్యకార గ్రామాలకు అది తుఫాను కాలపు అనుభవం. లూకా సువార్త 21వ అధ్యాయం సముద్రపు హోరుకు జనులు కలవరపడడాన్ని అంత్యదిన సూచనల్లో ఒకటిగా చెబుతుంది. ఇటువంటి సూచనలను సమకాలీన యుద్ధాలకు, కరువులకు, భూకంపాలకు అన్వయించే యెహోవాసాక్షుల ‘కావలికోట’, ‘తేజరిల్లు!’ పత్రికలు తెలుగులోనూ వెలువడ్డాయి. త్రిత్వాన్ని అంగీకరించని ఈ సమాజాన్ని ప్రధాన క్రైస్తవ సంఘాలు తమ వెలుపలిదిగానే భావిస్తాయి. లోకరాజ్యాలు త్వరలో నశిస్తాయని నమ్మే వ్యక్తికి వర్తమాన రాజ్యం పట్ల ఉండవలసిన ధర్మమేమిటన్నది ఈ ప్రచురణలు లేవనెత్తే ప్రశ్న.

దానియేలు గ్రంథం నాలుగవ అధ్యాయంలోని ఏడు కాలాలను 2,520 సంవత్సరాలుగా లెక్కించి, దేవుని రాజ్యం 1914లో పరలోకంలో స్థాపితమైందని వీరు బోధిస్తారు. హార్‌మెగిద్దోను యుద్ధంలో భూరాజ్యాలు అంతరిస్తాయి. అందుచేత వీరు ఎన్నికల్లో ఓటు వేయరు, సైన్యంలో చేరరు. పన్ను మాత్రం చెల్లిస్తారు. రోమీయులకు వ్రాసిన పత్రిక 13వ అధ్యాయంలోని ‘పై అధికారులు’ దేవుడూ క్రీస్తూ అని 1929 నుండి బోధించి, 1962లో తిరిగి ప్రభుత్వాలేనన్నారు. ఒక్క పదానికి అర్థం మారితే విధేయతకు ఆధారమే మారింది.

తుఫాను హెచ్చరికకు గడువుంటుంది. గాలి దారి మళ్లితే దానిని ఉపసంహరిస్తారు. యుగాంత హెచ్చరిక అలా ముగియదు. 1975 చుట్టూ పెరిగిన ఆశ ఫలించలేదు. 1914 నాటి తరం గతించకముందే అంతం వస్తుందన్న వివరణను 1995లో సవరించారు. సవరణ నిజాయితీకి గుర్తే కావచ్చు. కాని ఆ నిరీక్షణలో చదువునో ఉద్యోగాన్నో వదులుకున్నవారి నష్టానికి బాధ్యులెవరు?

తటస్థతకు భారతదేశంలో కఠిన పరీక్ష 1985లో కేరళలో ఎదురైంది. జాతీయగీతాలాపన వేళ గౌరవంగా నిలబడి, పాడక ఊరుకున్న ముగ్గురు పిల్లలను పాఠశాల నుండి తొలగించారు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తొలగింపు చెల్లదన్నది. తీర్పు వ్రాసినవారు తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. పాడి తీరాలనే చట్టమేదీ లేదనీ, మౌనంగా నిలబడడం అగౌరవం కాదనీ తీర్పు సారాంశం. ఇతరుల ఓట్లతో నిలిచే రాజ్యాంగమే ఓటు వేయనివారిని కాపాడిందన్న ఆక్షేపణ ఉంది. అది బలమైనదే గాని, హక్కును ఓటుకిచ్చే కూలిగా లెక్కగడుతోంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. తీరంలో తుఫాను ఆశ్రయ భవనానికి పన్ను కట్టినవాడు తన వంతు ఇచ్చినట్టే. అయితే అది ఏ పల్లెలో నిలవాలో, దానికి బాట ఎటునుండి పడాలో ఎన్నికైన పాలకులే నిర్ణయిస్తారు. అక్కడ తటస్థుని మౌనం అతని ఒక్కడిదే కాదు, పొరుగువాని బలాన్నీ ఒక ఓటు మేర తగ్గిస్తుంది. పొరుగువానిపై ప్రేమను సాక్షులు ఇంటింటి ప్రకటనలోనూ విపత్తు సహాయంలోనూ చూపుతారు. ఆశ్రయం లేని పల్లెకు ఆ సహాయం చేరేది తుఫాను వెలిసిన తరువాతనే.