పంట పండుగలో లెక్కకి రానివాళ్ళు

పంట ఇంటికొచ్చాక కృతజ్ఞత చెప్పుకునే పండుగ చాలా దేశాల్లో ఉంది. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం, కెనడాలో అక్టోబరు రెండో సోమవారం, కొరియాలో శరదృతువు పున్నమినాడు చుసోక్, మనకి సంక్రాంతి. దేవుడికో, సూర్యుడికో, పితృదేవతలకో దండం పెట్టుకుంటారు. ఆ దండం పండించిన, వండిన చేతుల దాకా ఎందుకు రాదన్నదే నా ప్రశ్న.

1621లో ప్లిమత్‌లో జరిగిన విందు గురించి ఎడ్వర్డ్ విన్‌స్లో ఒక ఉత్తరం రాశాడు. పక్షుల వేటకి నలుగురు మగవాళ్ళు వెళ్ళారట. వాంపనోగ్ నాయకుడు తొంభైమందితో వచ్చాడట. వాళ్ళు ఐదు జింకల్ని కొట్టి తెచ్చారట. మూడు రోజులు తిన్నారు. మొదటి చలికాలం దాటి బతికిన పెళ్ళయిన వలస స్త్రీలు నలుగురే. వాళ్ళ ఊసే ఆ ఉత్తరంలో లేదు. జింకలకి మాత్రం లెక్క ఉంది. ఆ నేల అసలు వారసులైన ఆదివాసులు 1970 నుంచి అదే రోజున, అదే ఊళ్ళో సంతాప దినం జరుపుతున్నారు. 1863లో లింకన్ చేత ఈ పండుగ ప్రకటన చేయించడానికి ఏళ్ళ తరబడి కలం పట్టింది సారా జోసెఫా హేల్ అనే సంపాదకురాలు. (స్త్రీల ఓటుహక్కుని వ్యతిరేకించిందీ ఆవిడే!)

కొరియాలో సంగతి ఇంకా సూటిగా కనిపిస్తుంది. చుసోక్ పొద్దున్నే కొత్త బియ్యంతో చేసిన వంటకాలు పితరుల ముందు పెడతారు. ఆ పితరులు భర్త వంశం వాళ్ళు. వండేది కోడళ్ళు. తనకి రక్తసంబంధం లేని పూర్వీకుల కోసం పిండి కలిపి, అట్లు వేసి, గిన్నెలు తోమాకగానీ ఆమె పుట్టింటికి బయల్దేరలేదు. పండుగ రోజుల్లో వచ్చే ఆ నడుంనొప్పికీ దిగులుకీ అక్కడ 'పండుగ జబ్బు' అని పేరే ఉంది. మగవాడినే ఇంటి పెద్దగా నమోదు చేసే చట్టం చెల్లదని 2005లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. వంటగది దాకా ఆ తీర్పు రాలేదు. 2022లో కన్‌ఫ్యూషియన్ పెద్దల సంస్థ సుంగ్యున్‌క్వాన్, నూనెలో వేయించినవి పెట్టి తీరాలని లేదని చెప్పింది. వంటకాలు తగ్గాయి, సరే. పొయ్యి దగ్గర నిలబడే మనిషి మారిందా?

వానకీ మట్టికీ దండం పెట్టడంలో తప్పేముంది అని అడగొచ్చు. తప్పేమీ లేదు. తీర్చలేని దానికి కృతజ్ఞత చెప్పుకోవాల్సిందే. కానీ నాటు వేసిన మనిషికి కూలీ ఇవ్వొచ్చు, భూమిలో వాటా ఇవ్వొచ్చు, వండిన మనిషిని కూర్చోబెట్టి వడ్డించొచ్చు. తీర్చగలిగిన దాన్ని బాకీ అంటారు. ఆ బాకీని పండుగ పేరుతో దేవుడి ఖాతాలో జమకట్టేస్తున్నాం. 'అమ్మ చేతి వంట' అని పొగడటం కూడా అందులో భాగమే. పొగడ్తకి ఖర్చుండదు కదా.

మన కనుమ నాడు ఎద్దుల కొమ్ములకి రంగులేసి, మెడలో దండ వేసి మొక్కుతాం. దాని చాకిరీని గుర్తించడం మనకి తెలుసన్నమాట. మోకాలి లోతు బురదలో వంగి నాట్లేసిన కూలీ స్త్రీ ఆ రోజు కూడా ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది.