మహిషుడు మాత్రము బిడ్డ కాడా?

శరన్నవరాత్రులలో విజయవాడ ఇంద్రకీలాద్రిపై అమ్మవారిని దినమునకొక అలంకారమున దర్శించుచున్నాము. ఒకనాడు అన్నపూర్ణ, మూలానక్షత్రమునాడు సరస్వతి, మరియొకనాడు మహిషాసురమర్దిని. బారులు తీరి కొండ నెక్కిన భక్తుడు అన్నింటికిని ఒకే నమస్కారము చేయును. అయినను ఒక శంక మిగులుచున్నది. జగన్మాత అని పిలిచిన నోటితోనే మహిషాసురమర్దిని అనుచున్నాము. జగత్తంతయు ఆమె సంతానమైనపుడు మహిషుడు మాత్రము బిడ్డ కాడా?

దీనికి ఉపన్యాసకులు చాలమంది సులభమైన సమాధానము చెప్పుదురు. మహిషుడనగా అజ్ఞానము, శూలమనగా జ్ఞానము, అంతటితో సరి. ఈ అర్థము తప్పని నేననను. కాని ఇది శంకను తీర్చుట కాదు, దాటవేయుట. దేవీమాహాత్మ్యము ఆ రణభూమిలో నెత్తురు ఏరులై పారినదని చెప్పుచున్నది. ఋషి అంత స్పష్టముగా చెప్పిన దానిని మనము మెత్తబరుపనేల?

ఆ గ్రంథమునే నిదానముగా చూతము. మార్కండేయ పురాణమునందలి ఈ 13 అధ్యాయములలో మహిషుని కథ 2వ అధ్యాయమున మొదలగును. దేవతల తేజస్సులు ఒక్కటై స్త్రీరూపము దాల్చినవి. శివుడు శూలమును, విష్ణువు చక్రమును, వరుణుడు శంఖమును, ఇంద్రుడు వజ్రమును ఇచ్చిరి. ఎక్కిన సింహము సయితము హిమవంతుడు ఇచ్చినదే. ఆ చేతులలో ఆమె స్వంత ఆయుధమొక్కటియు లేదు. స్వర్గము కోల్పోయినవారు దేవతలు. మహిషుడు ఆమెకు చేసిన అపకారమేమియు లేదు. తీర్చుకొనవలసిన పగ లేనివారి చేతికి ఆయుధములు అప్పగింపబడినవని గమనింపవలెను.

4వ అధ్యాయమున దేవతలు స్తుతించుచు మన శంకకు దగ్గరి మాటయే ఎత్తిరి. చూపుతోనే భస్మము చేయగల తల్లి శస్త్రములను ప్రయోగించుట ఎందుకు? ఆ శస్త్రముల తాకిడిచే పవిత్రులై శత్రువులును ఉత్తమలోకములకు చేరవలెననియట! మనస్సున కృప, సమరమున కాఠిన్యము ఆమెయందే కలసియున్నవని వారి భావము.

ఇది జాగ్రత్తగా పట్టుకొనవలసిన మాట. ఇంటిలో కోడలిపైననో, పనివానిపైననో విరుచుకుపడి, "నేను దుర్గావతారము ఎత్తితిని" అని గొప్పగా చెప్పుకొనువారు కలరు. మనము కోపించినపుడు ఎదుటివాడు స్వర్గమునకు పోవలెనని కోరుదుమా? వాడు పాడైపోవలెననియే కదా కోరుదుము! అట్టి కోపమునకు అమ్మవారి పేరు పెట్టుట అపచారము. పాఠశాలలో స్వరము తప్పిననాడు బెత్తపు దెబ్బ తినినవారమే మేమందరము. కొట్టిన చేతిలో విసుగున్నదో, మా చదువును గూర్చిన ఆరాటమున్నదో పదియేండ్ల పిల్లలకును తెలిసెడిది. రెండు దెబ్బలును ఒకే విధముగా మండెడివి, అయినను తెలిసెడిది.

శిల్పులు ఈ విషయమును రెండు విధముల చూపిరి. మహాబలిపురమున 7వ శతాబ్దపు పల్లవుల గుహలో దేవి సింహముపై నుండి విల్లు ఎక్కుపెట్టినది. దున్నతల, మానవదేహము గల మహిషుడు గద పట్టి ఎదుట నిలిచినాడు. అదే ఊరిలో త్రిమూర్తి గుహ చెంత యుద్ధము లేదు. దేవి ప్రశాంతముగా నిలిచియున్నది. ఆమె పాదముల క్రింద దున్నతల యొకటియే కలదు. అచట శత్రువైనవాడు ఇచట పాదపీఠమైనాడు.

కాళికాపురాణమున దీనికి తగిన కథ కలదు. మరణము ఆసన్నమైనపుడు మహిషుడు దేవిని ప్రాణమడుగలేదు. ఆమె పాదములను ఎన్నడును విడువకుండు వరమును కోరినాడు. తన పూజ జరుగుచోట్ల తన పాదముల చెంత అతడును పూజ నందుకొనునని ఆమె అనుగ్రహించినది. మన ఇంద్రకీలాద్రి స్థలపురాణమున కీలుడు తపస్సు చేసి, అమ్మ తన హృదయకుహరమున నివసింపవలెనని కోరి కొండయైనాడు. తపస్సుతో అడిగినవాడు అడుగున కొండయై యున్నాడు, కత్తి దూసి వచ్చినవాడు ఆ కొండపై పాదముల క్రింద నున్నాడు. ఇరువురిలో ఎవరు ఎక్కువ దగ్గరివారో నేను తేల్చజాలను.

మహిషాసురమర్దినీ మూర్తికి పూజ జరుగుచుండగా ఈసారి చూపును కొంచెము క్రిందికి దింపి చూడుడు. తల్లి పాదములపై వేసిన కుంకుమ జారి మొదట పడునది మహిషుని నుదుటిపైననే.