స్వారి మానుట అహింసయేనా?

బళ్ళారి సీమకు గుఱ్ఱము క్రొత్తది కాదు. 2021 వఱకు ఆ జిల్లాలోనే యుండిన హంపిలో హజార రామాలయ ప్రాకారముపై గుఱ్ఱముల వరుసలు నేటికిని కనబడును. అచ్చట 1385లో కుంథునాథ జినాలయమును కట్టించిన ఇరుగప్ప జైనుడు, దండనాథుడు కూడను.

నేడు స్వారి నేర్చు యువకులు అరుదు. “మూగజీవికి బాధ తప్పినది” అని పెద్దలు కొందఱు సంతసింతురు. ఆ సంతోషము న్యాయమా?

అహింసాణువ్రతమునకు అతిచారములు అయిదు: కట్టివేయుట, కొట్టుట, అవయవచ్ఛేదము, అతిభారము, అన్నపాననిరోధము. కొరడాతో పందెమునకు తఱుమువానికి వీనిలో కొన్ని తప్పవు. దయచే స్వారి మానినవాడు ధన్యుడు.

కాని మోటారు సుఖమరిగి మానినవాని మాటేమి? గుఱ్ఱమెక్కకయే పందెములో రూకలొడ్డువానికి ఆ కొరడాదెబ్బలో పాలు లేదా? ప్రతి ఉదయము నీరుపెట్టి, మేతవేసి, వీపుపుండు చూచి జీను దింపు రౌతు వీరికంటె వ్రతమునకు దగ్గఱివాడు.

తెలిసి విడుచుటయే త్యాగము. రాని సొమ్మును జమ వ్రాయుట వర్తకధర్మము కాదు. పుణ్యపు పద్దునందును అంతే. సంభవనాథస్వామి లాంఛనము అశ్వమే. ఆ లాంఛనమునకు మ్రొక్కు యువకుడు తాను స్వారి నేల మానెనో తన్ను తానే యడుగవలెను.