వాకిట్లో మంచు

జపాన్ ఉత్తర కొసన, హొక్కైదో దీవిలో సపోరో నగరం ఉంది. అక్కడ ఏటా సుమారు 5 మీటర్ల మంచు కురుస్తుంది. ఒక చలికాలం అమెరికాలోని యూటా నుంచి మోర్మన్ అనే క్రైస్తవ సంఘానికి చెందిన 18 ఏళ్ల కుర్రాడు మతప్రచారానికి ఆ ఊరు వచ్చాడు. ఆ సంఘం ప్రచారకులు జపాన్‌లో తొలిసారి అడుగుపెట్టింది 1901లో. మగపిల్లలకు ఈ సేవ రెండేళ్లు. జీతం ఉండదు, ఖర్చు వాళ్లో వాళ్ల ఇంటివాళ్లో పెట్టుకోవాలి. తెల్లచొక్కా, టై, గుండె మీద నల్ల పేరుపట్టీ. ఒకరినొకరు “ఎల్డర్” అని పిలుచుకుంటారు. ఉదయం 6:30కి లేవాలి, ఎక్కడికెళ్లినా జంటగానే వెళ్లాలి. ఈ కుర్రాడికి జోడీ ఫుకుఒకా నుంచి వచ్చిన యువకుడు. అప్పటికే ఏడాదికి పైగా సేవలో ఉన్నవాడు.

సోమవారం సొంత పనుల రోజు. బట్టలు ఉతుక్కుని, సరుకులు తెచ్చుకుని, కుర్రాడు ఇంటికి ఫోన్ చేశాడు. యూటాలో అప్పటికింకా ఆదివారమే.

“నీ మాట ఎవరైనా విన్నారా నాన్నా?” అంది తల్లి.

“ఈ వారం తప్పకుండా వింటారమ్మా” అన్నాడు.

మంగళవారం వీధి వీధీ తిరిగారు. అన్ని గుమ్మాల్లోనూ మర్యాదగానే “వద్దు” అన్నారు. వీధి చివర ఒక ముసలావిడ నడుం పట్టుకుని వాకిట్లో మంచు ఎత్తిపోస్తోంది. ఇద్దరూ వెళ్లి పార అందుకున్నారు.

“సాయం చేస్తే సంతోషమే బాబూ. మతం మాటలు మాత్రం నా దగ్గర వద్దు. లోపల మా ఆయన ఫొటో ఉంది, బుద్ధుడున్నాడు. నాకది చాలు” అందావిడ.

“అలాగే బామ్మగారూ” అన్నాడు ఫుకుఒకా యువకుడు.

పని అయ్యాక ఆవిడ గుమ్మంలోకి వేడివేడి గ్రీన్ టీ తెచ్చింది. కుర్రాడు తలవంచి, టీ, కాఫీ తమకు నిషిద్ధమని, అది 1833 నాటి తమ నియమమని చెప్పాడు. ఆవిడ ఏమీ అనుకోకుండా కప్పులు లోపలికి తీసుకెళ్లింది.

బుధవారం మళ్లీ మంచు పడింది. మళ్లీ వెళ్లారు. ఈసారి కప్పుల్లో గోధుమరంగు నీళ్లు పొగలు కక్కుతున్నాయి. “వేయించిన బార్లీ కాచాను, ఇందులో తేయాకు లేదు. కొట్లో అడిగి మరీ తెచ్చాను, తాగండి” అంది. గుమ్మంలో నిలబడే ఇద్దరూ తాగారు. లోపలి నుంచి అగరొత్తుల వాసన వస్తోంది.

గురువారం కూడా వాకిలి శుభ్రం చేశారు. వచ్చేటప్పుడు కుర్రాడు జోడీ కంట పడకుండా ఆవిడ ఉత్తరాల డబ్బాలో ఒక కరపత్రం వేశాడు. ఇంత చేశాక ఆవిడ చదవకపోతుందా అనుకున్నాడు.

శుక్రవారం వాళ్లు వెళ్లేసరికి ఆవిడే పార పట్టుకుని ఉంది. కరపత్రాన్ని రెండు చేతులతో కుర్రాడికి అందించింది.

“మీరు తీసిన మంచుకు వెల ఇదని తెలియలేదు బాబూ. అంత ఇచ్చుకోలేను. నా వాకిట్లో మంచు నేనే తీసుకుంటాను.”

కుర్రాడికి నోట మాట రాలేదు. దారిలో జోడీ ఒక్కటే అడిగాడు: “ఎల్డర్, ఆవిడ బార్లీ నీళ్లిచ్చి, బదులుగా బుద్ధుడికి దండం పెట్టమందా?”

శనివారం తెల్లవారి కుర్రాడు ఆ వాకిట్లో నిలబడి, నడుం వంచి క్షమాపణ అడిగాడు. “ఇక ఏమీ ఇవ్వను, ఏమీ అడగను. పార ఒక్కటి ఇప్పించండి బామ్మగారూ” అన్నాడు. ఆవిడ కాసేపు చూసి పార ఇచ్చింది.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు మోర్మన్లు రెండు పూటల భోజనం మాని, ఆ మిగిలిన డబ్బు పేదల కోసం ఇస్తారు. కుర్రాడు కవరులో డబ్బు పెడుతూ ఆగాడు. ఈ డబ్బుతో ఎవరి కడుపు నిండుతుందో తనకు తెలియదు. ఆ తిన్నవారు తన మాట వినాలన్న షరతూ లేదు. తన మతం తనకు నేర్పిన దానం ఇదే అయినప్పుడు, ఆ వాకిట్లో తను చేసిందేమిటి?

బామ్మ వాళ్ల సంఘంలో చేరలేదు. అతనూ మళ్లీ అడగలేదు. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ వాకిట్లో మంచు తీయడం మాత్రం మానలేదు.

నీతి: మనం నమ్మినదాన్ని నలుగురికీ చెప్పుకోవడం తప్పు కాదు. వింటామన్నవారికి మనసు విప్పి చెప్పవచ్చు, వద్దన్నవారికి నమస్కరించి వెనుదిరగవచ్చు. అయితే అవతలివారి అవసరాన్ని ఆసరా చేసుకుని చెప్పే మాట ఎంత మంచిదైనా ఎరే అవుతుంది. బామ్మ కుర్రాడి మతంలోకి రాకుండానే అతని నియమాన్ని గౌరవించింది. ఎదుటివారి విశ్వాసానికి మనం ఇవ్వాల్సింది ఆ గౌరవమే. బదులు కోరి చేసిన సాయం బేరమవుతుంది, కోరకుండా చేసిందే మేలు.