మూడో వంతు ఎవరిది?

నాకు ఈత రాదు. మా ఊరి చెరువులో ఈత నేర్చుకున్నది మా అన్నయ్యలు. గట్టుమీద కూచుని వాళ్ల చొక్కాలకి కాపలా కాసింది నేను. అలాంటి నేను నీళ్లు నిండిన గుహల్లోకి దిగే డైవర్ల గురించి చదవడం మొదలుపెట్టింది 2018 జూలైలో, థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలూ వాళ్ల కోచ్‌ చిక్కుకుపోయినప్పుడు. ఆ 13 మందీ బతికి బయటపడ్డారు. వాళ్ల కోసం గాలి సిలిండర్లు లోపల పెట్టి తిరిగి వస్తూ సమన్ కునాన్ అనే మాజీ నేవీ డైవర్ నీటిలోనే స్పృహ తప్పి చనిపోయాడు. టీవీ కట్టేశాక కూడా అతని మరణం నన్ను వదల్లేదు. చదువుతూ పోయాను.

సముద్రంలో గాలి అందించే పరికరం చెడిపోతే పైకి చూడొచ్చు. తల మీద ఆకాశం ఉంటుంది. గుహలో తల మీద బండరాయి ఉంటుంది. వచ్చిన దారినే వెనక్కి పోవాలి. కాలు ఒక్కసారి నేలకి తగిలితే చాలు, అడుగున పేరుకున్న బురద లేచి టార్చి వెలుగు కూడా కనబడదు. అప్పుడు దిక్కల్లా గుహ నోటి నుంచి వాళ్లు పరుచుకుంటూ వచ్చిన తాడే. దాన్ని చేత్తో తడుముకుంటూ బయటికి రావాలి.

అమెరికన్ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1979లో 'బేసిక్ కేవ్ డైవింగ్' అనే చిన్న పుస్తకం రాశాడు. గుహల్లో జరిగిన చావుల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, ఎక్కడ తప్పిందో వెదికాడు. అతనికి మళ్లీ మళ్లీ కనబడిన కారణాలు మూడు. గుహ నోటి నుంచి తెగకుండా తాడు వేసుకోకపోవడం. తిరుగు ప్రయాణానికి కనీసం మూడింట రెండు వంతుల గాలి మిగుల్చుకోకపోవడం. మరీ లోతుకి పోవడం. సరైన శిక్షణ ఉండాలనీ, ఒక్కొక్కరి దగ్గర మూడేసి లైట్లుండాలనీ తర్వాత చేర్చుకున్నారు.

ఈ నియమాల వెనకున్న ఆలోచన నాకు నచ్చింది. పరికరం ఏదో ఒకరోజు చెడిపోతుందని వాళ్లు ముందే ఒప్పుకుంటారు. అందుకే గాలి అందించే రెగ్యులేటర్లు రెండు. ఒకదాని గొట్టం దాదాపు రెండు మీటర్ల పొడవు, ఇరుకు సందులో ఒకరి వెనక ఒకరు వస్తూ కూడా గాలి పంచుకోడానికి. "ఎందుకు చెడిపోయింది?" అని అడిగి వదిలెయ్యరు. "చెడిపోయినప్పుడు చేతిలో ఇంకేముంది?" అని కూడా అడుగుతారు.

పరికరం చెడిపోయిందన్న మాట మనకి కొత్త కాదు. నా చిన్నతనంలో పేపర్లో 'స్టవ్ పేలి గృహిణి మృతి' అని నాలుగు లైన్ల వార్త వచ్చేది. అక్కడితో కథ కంచికి చేరేది. స్టవ్ ఎప్పుడూ కోడళ్ల చేతుల్లోనే ఎందుకు పేలుతోందని 1980లలో స్త్రీల ఉద్యమం అడిగింది. 1983లో 498ఎ, 1986లో 304బి సెక్షన్ల వెనక ఆ ప్రశ్న ఉంది. తప్పంతా యంత్రం మీదకి నెట్టడం ఒక అబద్ధం. తప్పంతా చనిపోయిన మనిషి మీదకి నెట్టడం ఇంకో అబద్ధం. ఈ రెంటి మధ్యా నిజం చెప్పడం ఎలా?

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నియమాలు రాసిన ఎక్స్‌లీ 1994లో మెక్సికోలోని జకటాన్ అనే నీటి బిలంలో 300 మీటర్ల లోతు దాటాలని దిగి చనిపోయాడు. అది చదివి 'ఎంత సాహసి!' అనుకున్నాను. 2011 ఫిబ్రవరిలో దక్షిణ ఆస్ట్రేలియాలోని ట్యాంక్ కేవ్‌లో ఆగ్నెస్ మిలోవ్కా తన జోడీ నుంచి విడిపడి, ఇరుకు భాగంలో గాలి అయిపోయి చనిపోయింది. ఆమెకి 29 ఏళ్లు. అది చదివి 'ఒక్కతే ఎందుకెళ్లింది?' అనుకున్నాను. అనుకున్న మరుక్షణం సిగ్గేసింది. సాహిత్యంలో డాక్టరేట్ చేసి, పితృస్వామ్యం గురించి పేజీలకి పేజీలు రాసిన నా నోట వచ్చిన మాట అది! రాత్రిపూట వీధిలో దాడికి గురైన అమ్మాయిని అందరూ అడిగే మాట.

ఆ గుహల్లోకి ఆడవాళ్లు నిన్నామొన్నా దిగలేదు. 1935లో ఇంగ్లండ్‌లోని వూకీ హోల్‌లో గ్రాహం బాల్కోంబ్‌తో పాటు పెనెలపీ పోవెల్ కూడా దిగింది. బరువైన లోహపు శిరస్త్రాణం, గట్టు మీద నుంచి మనుషులు పంపు కొడితే గొట్టంలో వచ్చే గాలి. ఆమె ప్రతి ఊపిరీ బయట ఉన్నవాళ్ల చేతుల్లో ఉండేది.

ఒంటరిగా పోకూడదన్న నియమాన్ని గుర్తుచేయడం తప్పు కాదు. కానీ చనిపోయిన మనిషికి తీర్పు చెప్పడానికి అడిగే ప్రశ్న వేరు, రేపు దిగబోయే మనిషిని బతికించడానికి అడిగే ప్రశ్న వేరు. మాటలు ఒకటే కావచ్చు. మొదటిది ఆడవాళ్లని ఇంట్లో కూచోబెడుతుంది. రెండోది తాడు చేతికిస్తుంది.

గాలి లెక్క చూడండి. ఉన్నదాన్ని మూడు వంతులు చేస్తారు. ఒక వంతు వెళ్లడానికి, ఒక వంతు రావడానికి. మూడోది ముట్టుకోరు. అందరికంటే దూరాన ఉన్నప్పుడు జోడీ గాలి మొత్తం పోతే, నా దగ్గర మిగిలిన రెండు వంతుల్తో ఇద్దరం బయటపడాలి. అంటే ఆ మూడో వంతు నాది మాత్రమే కాదు, అవతలి మనిషిది కూడా. మా అమ్మ జన్మంతా ఇంటిల్లిపాదికీ మూడో వంతుగానే బతికింది. అందరి అన్నాలయ్యాక గిన్నెలో మిగిలింది తింది. అయితే ఆమె కోసం మూడో వంతు దాచిపెట్టినవాళ్లెవరు? గుహలో ఇద్దరూ దాస్తారు. అది త్యాగం కాదు, ఒప్పందం. అక్కడ ఇంకో మాట కూడా ఉంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణంతోనైనా వెనక్కి తిరుగుదామంటే తిరగాల్సిందే. సంజాయిషీ అడగరు. మన సంసారాల్లో ఈ హక్కు ఎంతమందికి ఉంది?

మొన్నామధ్య మా అక్క కూతురు స్నేహితురాళ్లతో కొండలెక్కడానికి వెళ్లి దారి తప్పింది. ఫోన్ ఛార్జి అయిపోయింది. రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చింది. "ఎవరు వెళ్లమన్నారే?" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"ఫోన్ పోయాక నీ దగ్గర ఇంకేముంది?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. "ఏం లేదు పిన్నీ. టార్చీ, మ్యాపూ అన్నీ అందులోనే ఉన్నాయి."

ఆ ఆదివారం ఇద్దరం వెళ్లి రెండు టార్చిలైట్లు కొన్నాం. ఒకటి దానికి, ఒకటి దాని స్నేహితురాలికి.