నాయకుణ్ణి దేనితో తూచాలి?

నాయకత్వం అనే మాట ఈ రోజుల్లో చాలా చౌకైపోయింది. బడిపిల్లలకు లీడర్‌షిప్ శిబిరాలు, ఉద్యోగులకు లీడర్‌షిప్ శిక్షణలు, ఎన్నికలొస్తే ప్రతి కూడలిలోనూ ఫ్లెక్సీల నిండా నాయకులే. ఇంతమందిలో ఒకరిని సమర్థుడని, మరొకరిని చేతగానివాడని మనం దేన్నిబట్టి అంటున్నాము? ఇది టీ కొట్టు దగ్గర తేలిపోయే రాజకీయ ప్రశ్న కాదు. ఒక మనిషి మంచివాడని చెప్పటం షహాదత్, అంటే సాక్ష్యం. ఓటులో సాక్ష్యమూ ఉంది, సిఫారసూ ఉంది, వకాలతూ ఉందని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మ) ఏనాడో వివరించారు. సాక్ష్యం చెప్పేవాడికి తాను చూసింది ఏమిటో, చూడనిది ఏమిటో తెలిసి ఉండటం మొదటి షరతు.

నాయకత్వంపై పాశ్చాత్య పండితులు రాసిన సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిటిని మా ఉమ్మడి ఖమ్మం జిల్లాలో జరిగిన సంగతులకు, అంటే గోదావరి, మున్నేరు వరదలకు, అడవి అంచున జరిగిన ఒక హత్యకు అన్వయించి చూద్దాము.

అన్నిటికంటే పాతదీ, జనానికి ఎక్కువ నచ్చేదీ మహాపురుషుల సిద్ధాంతం. చరిత్ర అంటే గొప్పవాళ్ళ జీవితాలేనని థామస్ కార్లైల్ 1840లో లండన్‌లో ఉపన్యాసాలిచ్చాడు. అందులో రెండవది దైవప్రవక్త ముహమ్మద్ (స) గురించి. అందుకే మన సీరత్ సభల్లో కార్లైల్ పేరు ఎత్తని వక్త ఉండడు. (అదే ఉపన్యాసంలో ఖుర్ఆన్ చదవటం తనకెంత కష్టమైందో కూడా ఆయన చెప్పాడు. ఆ ముక్కను మాత్రం ఎవరూ ఎత్తరు.) ఆ పొగడ్తకు సంతోషించే తొందరలో మనం ఒక విషయం మరచిపోతున్నాము. దైవప్రవక్త (స) కన్నుమూసిన రోజున మదీనా అంతా తల్లడిల్లింది. ఆయన చనిపోయారన్నవారి మీద హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారే మండిపడ్డారు. అప్పుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) లేచి, ప్రవక్త మరణంతో ధర్మం ఆగిపోదని తెలిపే ఆలి ఇమ్రాన్ సూరాలోని ఆయతును చదివి వినిపించారు. ప్రవక్త విషయంలోనే వ్యక్తి మీద ఆనుకుని నిలబడవద్దని నేర్చుకున్న సముదాయానికి, ఒక ఎమ్మెల్యేనో ముఖ్యమంత్రినో పట్టుకుని ఆయన లేకపోతే మనం లేమనటం ఎలా నప్పుతుంది?

ఇక రెండవది మాక్స్ వెబర్ చెప్పిన సమ్మోహన శక్తి, ఇంగ్లీషు పత్రికలు కరిష్మా అంటుంటాయి. దీనికి ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. 2009 నవంబరు 29న నిరాహార దీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావును అరెస్టు చేసి తీసుకువచ్చింది ఖమ్మానికే. ఖమ్మం జైలు, ఖమ్మం ఆసుపత్రి ఆ నాలుగు రోజులూ రాష్ట్రమంతటి చూపునూ లాక్కున్నాయి. డిసెంబరు 9న తెలంగాణ ప్రక్రియ ప్రారంభిస్తామని కేంద్రం ప్రకటించింది. అంతటి సమ్మోహన శక్తి ఈ ఉమ్మడి జిల్లా పది స్థానాల్లో ఆయన పార్టీకి ఎన్ని ఇచ్చింది? 2014లో ఒకటి, 2018లో ఒకటి, 2023లో ఒకటి. ఇందులో వింతేమీ లేదు. సమ్మోహనం నాయకుని ఒంట్లో ఉండే పదార్థం కాదు, చూసేవాళ్ళు గుర్తిస్తేనే అది ఉంటుందని వెబరే రాశాడు. మెదక్‌లో ఉన్నది మధిరలో లేకపోవచ్చు. కనుక ఒక నాయకునికి ఎంత ఆకర్షణ ఉందని అడిగితే, ఆయన అనుచరుల సంగతి తెలుస్తుంది గాని ఆయన మంచిచెడ్డలు తెలియవు.

మూడవ సిద్ధాంతం దగ్గర కాసేపు ఆగాలి. 1985లో జేమ్స్ మైండ్ల్ అనే పరిశోధకుడు ఇద్దరు సహచరులతో కలిసి ఒక వ్యాసం ప్రచురించాడు. దాని సారం ఇది: ఫలితం మరీ బాగున్నా, మరీ చెడ్డగా ఉన్నా, అందుకు అసలు కారణాలు ఎన్ని ఉన్నా, మనుషులు దాన్ని నాయకుని ఖాతాలో వేస్తారు. నాయకత్వం మీద మనకున్న ఒక రకమైన మోజు ఇది. ఈ మాటను భద్రాచలం కరకట్ట మీద నిలబెట్టి చూడండి.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు ఎక్కింది. ఆ దెబ్బ తర్వాత వచ్చిన సంవత్సరాల్లో పట్టణానికి కరకట్ట కట్టారు. 2022 జూలై 16న నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అయ్యప్ప కాలనీ, సుభాష్‌నగర్ వంటి చోట్ల ఇళ్ళు మునిగాయి, వంతెన మీద రాకపోకలు ఆపేశారు, వేలాది మందిని పునరావాస కేంద్రాలకు తరలించారు. అయినా పట్టణంలో చాలా భాగం నిలబడిందంటే, మిగతా చర్యలతోపాటు ఆ కట్ట ఒక పెద్ద కారణం. ఆ కట్ట కోసం ఫైళ్ళు మోసిన ఇంజనీరు ఎవరు? అలైన్‌మెంటు ఎక్కడ తిప్పాలో పట్టుబట్టిన అధికారి ఎవరు? ఆ వారమంతా టీవీల్లో కనిపించింది మోకాలి లోతు నీటిలో నడిచినవారే.

జూలై 17న ముఖ్యమంత్రి రోడ్డు మార్గాన భద్రాచలం వచ్చి గోదావరికి పూజ చేశారు. కుటుంబానికి పది వేలు తక్షణ సాయం, ఎత్తైన చోట శాశ్వత కాలనీ, మొత్తం వెయ్యి కోట్ల పథకం అని ప్రకటించారు. మేఘ విస్ఫోటం వెనుక విదేశీ కుట్ర ఉందేమోనన్న అనుమానమూ వెలిబుచ్చారు. అదే రోజు గవర్నరు రైలులో మణుగూరు చేరి అశ్వాపురం మండలంలో బాధితులను పరామర్శించారు. వారిద్దరికీ అప్పట్లో పొసగలేదు కనుక ఒకరు నదికి ఇటు, ఒకరు అటు. వరదకు మాత్రం ప్రోటోకాల్ తెలియదు.

నాయకుడు రావటం తప్పని మేము అనటంలేదు. రాకపోతే అంతకంటే తప్పు. 1978లో జేమ్స్ బర్న్స్ అనే అమెరికన్ పండితుడు నాయకత్వాన్ని రెండుగా విడదీశాడు. ఇచ్చిపుచ్చుకునేది ఒకటి, మనుషుల స్థితినే మార్చేది ఒకటి. పది వేలు మొదటి రకం, కాలనీ రెండవ రకం. 2023 జూలైలో గోదావరి మళ్ళీ మూడవ హెచ్చరిక దాటినప్పుడు ఆ కాలనీ ఇంకా మాటగానే ఉంది. డిసెంబరులో ప్రభుత్వమే మారిపోయింది. కష్టకాలంలో చెప్పిన మాటను ఎండాకాలంలో ఎవరు అడుగుతారు? అడగకపోవటంలో మన వాటా కూడా ఉంది.

ఇక్కడ కొందరు, నాయకుడు ప్రజలతో సమానంగా బ్రతికి చూపాలి, అదే గీటురాయి అంటారు. మంచి మాటే. 2021 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం కలెక్టరుగా ఉన్న అనుదీప్ దురిశెట్టి భార్య భద్రాచలం ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలోనే ప్రసవించారు. ఏజెన్సీ గూడేల గర్భిణులు వచ్చే ఆసుపత్రి అది. ప్రభుత్వ వైద్యాన్ని నమ్మండని వంద సభల్లో చెప్పటం కంటే ఇది బరువైన మాట. మన చరిత్రలో దీనికి అందరికీ తెలిసిన పోలిక హజ్రత్ ఉమర్ (రజి). హిజ్రీ 18వ సంవత్సరంలో అరేబియాలో కరువు వచ్చింది. దాన్ని ఆముర్రమాదా, బూడిద సంవత్సరం అన్నారు. జనానికి దొరికేదాకా తాను నెయ్యి ముట్టనని ఆయన ఒట్టుపెట్టుకున్నారు, నూనె తిని మేనిఛాయ నల్లబడింది. ఈ ఘట్టం చెప్పి మన ఖతీబులు మింబరు దిగిపోతారు.

కాని ఖలీఫా నెయ్యి మానేస్తే ఎవరి కడుపూ నిండదు. కడుపులు నింపింది ఈజిప్టు నుంచి, షామ్ నుంచి ఆయన తెప్పించిన ధాన్యం. ఆయన మదీనా చుట్టూ గుడారాలు వేసుకున్నవారిని లెక్కపెట్టించారు, వంటశాలలు నడిపించారు, రాలేని రోగులకు, పిల్లలకు ఉన్నచోటికే తిండి పంపించారు. పైగా ఆ గుడారాల్లోని వారిలో చాలామంది మదీనా వాసులు కారు, ఎడారి నుంచి ఆకలితో వచ్చిపడ్డ బద్దూలు. వానలు కురిశాక వారికి దారి భత్యమిచ్చి సొంత నేలకు పంపించారు. నెయ్యి మానటం ఆయన మనసు ఎటువైపు ఉందో చూపింది, లెక్క వేయించటం ఆయన బాధ్యతను తీర్చింది. మొదటిది కథగా చెప్పటానికి బాగుంటుంది. రెండవది జమాఖర్చుల పుస్తకంలాగా ఉంటుంది. అందుకే మనకు మొదటిదే గుర్తుంది.

పదవి లేకుండా నాయకత్వం ఉండదా అనే ప్రశ్న కూడా ఉంది. అధికారం వేరు, నాయకత్వం వేరని రొనాల్డ్ హైఫెట్జ్ 1994లో ఒక పుస్తకమే రాశాడు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఉప్పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టరు వస్తుందని గంటల తరబడి ఎదురుచూశారు. వాతావరణం బాగాలేక అది రాలేదు. ఈ జిల్లా నుంచి రాష్ట్ర మంత్రివర్గంలో అప్పటికి ముగ్గురు ఉన్నారు. చివరకు వంతెన మీదికి వెళ్ళింది హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన ఒక జేసీబీ డ్రైవరు. పోతే తన ఒక్క ప్రాణమే కదా అని బండి ఎక్కి తొమ్మిది మందినీ తీసుకువచ్చాడు. ఆయన ముస్లిమని తెలిసి మనవాళ్ళు ఫోన్లలో ఎంత పంచుకున్నారో చెప్పనక్కరలేదు. ఆ సంతోషం సహజం. అయితే మైండ్ల్ ప్రశ్న ఇక్కడా వదలదు. ఆ బండి నీటిలో తిరగబడి ఉంటే అతన్ని దుడుకువాడని, చెప్పినమాట వినలేదని అనేవాళ్ళము కామా? అతని నియ్యత్ అదే, ధైర్యం అదే. మారేది ఫలితం ఒక్కటే, అది అతని చేతిలో లేదు. కర్మలు సంకల్పాలను బట్టే అని మదర్సాలో మొదటి పాఠంగా చదువుకునే మనం కూడా మనుషులను తూచేటప్పుడు ఫలితంతోనే తూస్తున్నాము.

ఇప్పటిదాకా చెప్పిన సిద్ధాంతాలన్నిటిలో ఒక లోటు కనిపిస్తుంది. అవన్నీ నాయకుణ్ణి అతని అనుచరుల కళ్ళతో చూస్తాయి. అనుచరులుగా ఎవరూ లెక్కించనివారి సంగతేమిటి? ప్రతి ఒక్కరూ ఒక కాపరి, తన మంద గురించి ప్రశ్నించబడతారన్న హదీసు మనకు తెలుసు. మందలోకి ఎవరు వస్తారన్నదే భద్రాచలం అడవుల్లో అసలు చిక్కు.

2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అటు పోయాయి. 2022 వరద తగ్గగానే తెలంగాణ మంత్రి పువ్వాడ అజయ్‌కుమార్ ఆ ఐదు గ్రామాలు తిరిగి ఇవ్వాలని, పోలవరం ఎత్తు వల్లనే భద్రాచలానికి ముప్పు అని అన్నారు. ఆంధ్ర మంత్రి బొత్స సత్యనారాయణ గట్టిగానే బదులిచ్చారు. వాదనలో ఎవరి పక్షం ఎంతో గాని, కనీసం ఆ గ్రామాల పేర్లు పత్రికల్లోకి వచ్చాయి.

ఆ ఏడాదే నవంబరు 22న చండ్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ఎర్రబోడులో అటవీ రేంజి అధికారి చలమల శ్రీనివాసరావును నరికి చంపారు. అటవీశాఖ పెంచిన మొక్కల విషయంలో వచ్చిన తగాదా అది. అధికారి చేసిన తప్పు ఏమీ లేదు, తన విధి చేశాడు. పోడు భూములకు హక్కు ఇస్తామని పైన నాయకులు చెప్పే మాటకు, అడవిని అంగుళం కూడా వదలవద్దని చెప్పే నిబంధనకు మధ్య నిలబడవలసి వచ్చేది చివరకు ఒక రేంజరే. ప్రభుత్వం యాభై లక్షల పరిహారం ప్రకటించింది, అంత్యక్రియలకు మంత్రులు హాజరయ్యారు. 2023లో కోర్టు ఇద్దరికి జీవిత ఖైదు విధించింది. అంతవరకు న్యాయమే.

ఆ ఇద్దరూ గుత్తికోయలు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అటు మావోయిస్టులు, ఇటు జుడుం మధ్య నలిగి వేలాది కుటుంబాలు దండకారణ్యం దాటి ఈ అడవుల్లో గూడేలు వేసుకున్నాయి. సొంత రాష్ట్రంలో వారు షెడ్యూల్డు తెగ, ఇక్కడ కారు. అటవీ హక్కుల చట్టానికి గడువు తేదీ 2005 డిసెంబరు 13. హత్య జరిగిన కొద్ది రోజులకే ఎర్రబోడు గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపివేయాలని గ్రామ పంచాయితీ తీర్మానం చేసింది. ఊరివారి కోపం అర్థం కానిది కాదు. కాని ఒకరి పాపభారాన్ని మరొకరి మీద వేయరాదన్న సూత్రం దివ్య ఖుర్ఆన్‌లోనూ ఉంది, దేశ చట్టంలోనూ ఉంది. గూడెంలోని చంటిపిల్ల ఏ కత్తి పట్టింది? ఆ మాటను నాయకుడన్నవాడు ఆ వారంలో గొంతెత్తి చెప్పవలసింది. చెబితే ఒక్క ఓటు పెరగదు, కొన్ని తగ్గవచ్చు కూడా.

2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఇచ్చారు, అందులో అన్నిటికంటే పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. తరతరాలుగా ఆ నేల దున్నిన కోయలకు అది దక్కవలసిన హక్కు, ఇచ్చినవారిని మెచ్చుకోవాలి. వలస గూడేలకు ఆ జాబితాలో చోటు లేదు. ఐదు గ్రామాలు మావంటే మావని మంత్రులు మాటలు విసురుకున్నది ఆ అడవి అంచునే. ఈ గూడేలు మావని ఎవరైనా పోటీపడటం మాత్రం మేము ఎక్కడా వినలేదు.