బిడ్డొచ్చిన ఇంట్లో నీ పని



మూడో నెల వెళ్ళకముందే తల్లినీ పిల్లనీ భీమవరం నుంచి హైదరాబాద్ తెచ్చేసుకుంటానని మొన్న ఫోన్లో చెప్పి, ఏమేం కొనిపెట్టాలో రాసి పంపమన్నావు. ముందు ఆ సంగతి తేల్చేస్తాను, దానికి పెద్దగా రాయాల్సింది లేదు. ఉతికి ఆరేసిన మెత్తటి పాత పంచెలు, ఒక దోమతెర, ఒక థర్మామీటరు. ఉయ్యాల మీ అమ్మ ఎలాగూ తెస్తుంది. వాకర్ మాత్రం కొనకు. చక్రాల మీద జారిపోయి పిల్లలు మెట్ల మీంచి పడుతున్నారని కెనడా వాళ్ళు 2004లోనే దాని అమ్మకం నిషేధించారు. మీరంతా గోడ పట్టుకునే నడిచారు, నీ కూతురూ నడుస్తుంది. ఉయ్యాల పైన కెమెరా బిగిస్తానన్నావు, అది నీ సరదా, నేనేం అనను.

ఇక నువ్వు అడగనిది రాస్తాను.

తొలి కాన్పు పుట్టింట్లో జరిపించడం మనవాళ్ళు పెట్టుకున్న మంచి పద్ధతుల్లో ఒకటి. బాలింతకి కన్నతల్లి దగ్గర దొరికే నిద్ర ఇంకెక్కడా దొరకదు. కానీ ఆ పద్ధతి వల్ల తండ్రికి ఒక నష్టం ఉంది. శనివారం రైలు దిగుతావు, అల్లుడొచ్చాడని వంట మొదలవుతుంది, పిల్లని నీ ఒళ్ళో పెట్టి ఫొటో తీస్తారు, ఏడవగానే ఎవరో ఒకరు అందుకుంటారు. తడిగుడ్డ అల్లుడి చేతికి ఎవరిస్తారు? అలా మూడు నెలలు గడిచేసరికి ఆ పిల్ల ఏ ఏడుపు దేనికో కోడలుపిల్లకి తెలిసిపోయింది, నువ్వు మాత్రం ఆసుపత్రిలో చూసిన మొదటి రోజు దగ్గరే ఉన్నావు. రేపు మీ ఇంటికొచ్చాక కూడా తెలిసినవాళ్ళే చేసుకుంటారులే అని హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుంటావు. ఉద్యోగమంతా ఆరోగ్య సబ్‌సెంటర్లో, ఇంటింటికీ తిరిగి బాలింతల్ని చూస్తూ గడిపినదాన్ని. ఇలా తప్పుకునేవాళ్ళలో చెడ్డవాళ్ళు తక్కువ, నీలాంటి నెమ్మదస్తులే ఎక్కువ.

ముందు కోడలుపిల్ల ఒంటి సంగతి. ఆమెది ఆపరేషన్ కాన్పు. మన దగ్గర అది ఎంత మామూలైందో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది: తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రలో 42 కాన్పులు ఆపరేషన్లే. దేశం మొత్తం మీద చూస్తే 21. అందరికీ జరుగుతోంది కాబట్టి అదేదో పన్ను పీకించుకున్నట్టు మాట్లాడుతున్నారు జనం. పొట్ట కోసి, గర్భసంచి కోసి, పొరలు పొరలుగా కుట్టిన ఆపరేషన్ అది. ఇంకెవరికైనా అలాంటిది జరిగితే నెలల తరబడి మంచం దిగనివ్వం, బాలింతని మాత్రం మర్నాటి నుంచే రాత్రంతా లేపుతాం. పైన కుట్లు మానిపోయాయి కదా, ఇక అంతా మామూలే అనుకోకు. నడుం నొప్పి, నీరసం, రక్తం తక్కువగా ఉండడం ఇంకా కొన్నాళ్ళు వెంటాడతాయి. ఐరన్ మాత్రలు కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు వేసుకోవాలి. ఆ మాత్ర వేసుకుందో లేదో రోజూ నువ్వే అడుగు.

పాలివ్వడం ఒక్కటే ఆమె చేయాల్సిన పని. పిల్ల లేస్తే ఎత్తుకురావడం, గుడ్డ మార్చడం, పాలు తాగాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం, వెల్లకిలా పడుకోబెట్టడం, వీటికి చనుబాలు అక్కర్లేదు. రాత్రి పది నుంచి రెండు దాకా పాప నీదని ముందే చెప్పేసుకో. ఆకలేసి ఏడిస్తే తల్లి పక్కలోకి చేర్చు, తాగాక మళ్ళీ తీసుకొచ్చేయ్. నాలుగు గంటలు ఏ బాధ్యతా లేకుండా పడుకున్న బాలింత మర్నాడు వేరే మనిషిలా ఉంటుంది. అమెరికా వాళ్ళతో మీటింగులున్న రోజున తెల్లవారుజాము వంతు తీసుకో. వీలుంటే చేస్తాననకు. వీలు చూసుకుని చేసే పని మీద ఆశ పెట్టుకుని ఎవరూ కళ్ళు మూయలేరు.

ఎత్తుకుంటే చంక దిగదని భయపెడతారు. ఈ వయసు పిల్లల్ని ఎంత ఎత్తుకున్నా చెడిపోరు. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక ఎడ్గార్ రే అనే డాక్టరు నెలలు నిండని బిడ్డల్ని తల్లుల గుండెకి ఆనించి కట్టించాడు. కంగారూ పద్ధతని మన ఆసుపత్రుల్లోనూ చేయిస్తున్నది అదే, తండ్రుల చేత కూడా చేయిస్తున్నారు. నీ కూతురు నెలలు నిండి పుట్టిన పిల్లే, అయినా తండ్రి ఛాతీ వెచ్చదనం ఆమెకీ హాయే. ఎంత ఎత్తుకున్నా గుక్కపెట్టి ఏడుస్తుంటే నీకు విసుగు తలకెక్కిందనుకో, పక్క మీద పడుకోబెట్టి బాల్కనీలోకి వెళ్ళి రెండు నిమిషాలు నిలబడిరా. కోపంలో మాత్రం ఊపకు, కుదపకు. చంటిపిల్లల మెదడు ఆ కుదుపుకి దెబ్బతింటుంది, ప్రాణాలు పోయిన సంగతులూ ఉన్నాయి.

చేతులతో చేసే పని నీకు వారంలో వచ్చేస్తుంది. అసలు కష్టం మాటల దగ్గర ఉంది, నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

మీ అమ్మ నా చెల్లెలు. దాని మనసు వెన్న, నోరు మాత్రం ఊరుకోదు. మీ ఇంటికొచ్చిన మూడో రోజున పిల్ల కాస్త ఎక్కువ ఏడవగానే "పాలు చాలట్లేదేమో" అంటుంది. దురుద్దేశంతో కాదు, మా అత్తలు మమ్మల్ని అన్నారు, మేమూ అంటున్నాం. ఆ ఒక్కమాట ఎన్ని ఇళ్ళలో డబ్బాపాలు తెచ్చిపెట్టిందో నేను చూశాను. పిల్ల ఎంత చీకితే తల్లికి అంత పాలు పడతాయి. పక్కన డబ్బాపాలు పట్టడం మొదలుపెట్టగానే చీకడం తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, చూశావా నేను చెప్పలేదూ అని ఆ మాటే నిజమై కూర్చుంటుంది. పాలు చాలుతున్నాయో లేదో తెలియడానికి ఏడుపు గుర్తు కాదు. రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా గుడ్డ తడుపుతోందా, బరువు పెరుగుతోందా, ఆ రెండూ చూడు. బరువు ఒక పుస్తకంలో రాసిపెట్టు. మీ అమ్మ ఆ మాట అన్నప్పుడు "అమ్మా, మొన్న కాటా మీద చూశాం, పెరిగింది" అని చెప్పాల్సింది నువ్వు. కోడలు చెబితే ఎదురు చెప్పినట్టవుతుంది, నువ్వు చెబితే అది లెక్క.

ఇద్దరి మధ్యా దూరకుండా ఊరుకుంటే గొడవ ఉండదని నువ్వనుకుంటావు. చిన్నప్పట్నుంచీ నీది అదే స్వభావం. కానీ నువ్వు మాట్లాడని ప్రతిచోటా మాట పడుతున్నది కోడలుపిల్లే. పరాయి ఇంట్లో, ఒళ్ళు తేరుకోని సమయంలో, నిద్ర లేకుండా పడిన మాట ఆడవాళ్ళు ముసలితనం దాకా మర్చిపోరు. మీ అమ్మ, నువ్వు ఎంత మర్యాదగా అడ్డుచెప్పినా ఒక పూట మూతి ముడుచుకుంటుంది, సాయంత్రానికి పిల్లని ఎత్తుకుని నవ్వుతుంది. కొడుకు మాట తల్లికి గుచ్చుకోదు.

అలాగని పెద్దవాళ్ళు చెప్పేదంతా కొట్టిపారెయ్యకు, అది ఇంకో పొగరు. కాళ్ళు చాపుకుని పిల్లని వాటి మీద పడుకోబెట్టుకుని నూనె రాసి లాలపోయడం మీ అమ్మకి వచ్చినట్టు ఏ డాక్టరుకీ రాదు. ఆ పని పూర్తిగా దానికి వదిలేయ్. రోజూ దగ్గర కూర్చుని చూస్తే నీకూ చేయి తిరుగుతుంది. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వెయ్యొద్దని మాత్రం ముందే చెప్పు. సాంబ్రాణి పొగ తల ఆరేందుకంటారు. ఫ్లాటులో కిటికీలు మూసి వేస్తే చంటిపిల్లకి ఊపిరి సలపదు, తువ్వాలుతో తుడిస్తే చాలు. కాటుక వద్దు, దాంట్లో సీసం కలిసే ప్రమాదం ఉంది. దిష్టిచుక్క పెట్టాలనిపిస్తే అరికాల్లో పెట్టుకోనీ. నాలిక తిరగాలని వస అరగదీసి నాకిస్తామంటే వద్దను. తేనె మాటే ఎత్తనివ్వకు. దాంట్లో ఉండే ఒకరకం సూక్ష్మజీవి ఏడాది నిండని పిల్లల పేగుల్లో చేరి విషం పుట్టిస్తుంది. ఆముదం, గ్రైప్‌వాటర్ కూడా అక్కర్లేదు. ఎండాకాలం గొంతు తడపాలని చెంచాతో నీళ్ళు పడతామంటారు. ఆరు నెలలదాకా అదీ వద్దు, తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్ళే.

బాలింత పత్యం సంగతి కొంచెం వేరు. కాయం, సొంఠి, వెల్లుల్లి కారం, నెయ్యి వేసిన అన్నం, తినగలిగినంత తిననీ, వాటితో పేచీ లేదు. నీళ్ళు తగ్గించమంటే, పప్పూ ఆకుకూరా పండ్లూ మానిపిస్తే మాత్రం అక్కడ గట్టిగా ఉండు. పాలిచ్చే మనిషికి దాహం వేసినప్పుడల్లా నీళ్ళు కావాలి, మామూలుకంటే ఇంకో పూట తిండి కావాలి. పాలిచ్చేటప్పుడు చేతికందేలా ఒక చెంబుడు నీళ్ళు పెట్టడం నీ పని.

"ఈసారికి ఆడపిల్లేలే, వచ్చేసారి చూద్దాం" అని ఎవరో చుట్టం అంటుంది. నవ్వి ఊరుకోకు. అంతకంటే ఏం చెప్పాలో నీకు తెలుసు.

మీ అమ్మ గురించి కూడా ఒకటి చెప్పాలి. కోడలికి విశ్రాంతి ఇప్పించాలన్న ఉత్సాహంలో దాన్ని వంటమనిషిని చెయ్యకు. దానికి మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో పూలమొక్కలు, అరుగు మీద కబుర్లు వదిలేసి మీ ఎనిమిదో అంతస్తుకి వచ్చి కూర్చుంటుంది. మనవరాలి కోసం వస్తోంది కాబట్టి అడక్కుండానే అన్నీ నెత్తినేసుకుంటుంది, ఆ అలసటే తర్వాత సూటిపోటి మాటలుగా బయటికొస్తుంది. వంటకి ఒక మనిషిని పెట్టుకో, లేదా నువ్వు వండు. ఆదివారం సాయంత్రం దాన్ని గుడికో, వాళ్ళ అక్కయ్యతో ఫోన్లో గంటసేపు తగువులాడుకోడానికో వదిలిపెట్టు.

కోడలుపిల్ల మనసు కనిపెట్టుకుని ఉండు. కాన్పయిన మొదటివారం కారణం లేకుండా కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. అంతకంటే ఎక్కువ రోజులు దిగులు వదలకపోయినా, పిల్ల పడుకున్నా తనకి నిద్ర పట్టకపోయినా, పిల్లని చూస్తే ఏమీ అనిపించట్లేదన్నా, నేను లేకపోతేనే నయం అన్నమాట నోట వచ్చినా అది అలక కాదు, జబ్బు. ఏడాదిలోపు ఎప్పుడైనా రావచ్చు. మా రోజుల్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్ళు. ఇప్పుడు మందులున్నాయి, పాలిస్తూ వేసుకోదగ్గవీ ఉన్నాయి. మానసిక వైద్యుడి దగ్గరికి నువ్వే వెంటబెట్టుకుని వెళ్ళు. అర్ధరాత్రయినా సరే 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వం వాళ్ళ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. నేను లేకపోతేనే నయం అన్న మాట విన్నాక మాత్రం ఆమెని ఒంటరిగా వదలకు. నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అన్నది ఆ సమయంలో నీకు తట్టకూడని ఆలోచన.

ఉద్యోగాల సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి. 1961 చట్టం ఆడవాళ్ళకి 12 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది, 2017లో దాన్ని మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు చేశారు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తండ్రికి 15 రోజులున్నాయి. మీ ప్రైవేటువాళ్ళకి తండ్రి సెలవు ఇచ్చి తీరాలన్న చట్టమే లేదు, కంపెనీ దయ. అంటే ఆమె సెలవు అయ్యేసరికి పిల్లకి దగ్గర దగ్గర ఆరు నెలలు, మెత్తటి తిండి మొదలుపెట్టే వేళ. "పిల్ల కోసం మానెయ్యొచ్చుగా" అన్న ప్రశ్న అప్పుడు ఆమెనే అడుగుతారు, నిన్ను ఎవరూ అడగరు. యాభైమంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్ళొచ్చని ఆ 2017 సవరణలోనే పెట్టారు. ఆమె ఆఫీసులో ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. మీ అమ్మ ఉండిపోతుందని నీ అంతట నువ్వు అనేసుకోకు, ఉండగలవా అని అడుగు. కాదంటే నొచ్చుకోకు.

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే ఇళ్ళు మనవి. అవి వండి పంపడానికి నేనున్నాను, ఆ బెంగ పెట్టుకోకు.

చివరగా, మూడో విడత టీకాలు 14వ వారంలో, అంటే మీరు వచ్చిన కొద్ది రోజులకే పడతాయి. టీకాల కార్డు మీ అత్తగారి బీరువాలో ఉండిపోతుంది, బయల్దేరే ముందు అడిగి నీ బ్యాగులో పెట్టుకో. టీకా పడిన రాత్రి కాస్త జ్వరం, తొడ దగ్గర వాపు రావచ్చు, డాక్టరు పిల్ల బరువు చూసి రాసిచ్చిన కొలత ప్రకారమే చుక్కలమందు వెయ్యి. తొడ మీద కాపడం పెట్టనివ్వకు. ఆ రాత్రి మీ ముగ్గురికీ నిద్ర ఉండదు కనక మర్నాటికి సెలవు ఇప్పుడే రాసిపెట్టుకో.

మీ
పెద్దమ్మ